40 పేజీల అగ్రిమెంటు, 10 రోజుల గడువు: ఏ లాయరు దగ్గరికి వెళ్ళాలి?

ప్రశ్న: మాది యంత్రాల విడిభాగాలు తయారుచేసే చిన్న యూనిట్. ఇన్నాళ్ళూ పర్చేజ్ ఆర్డర్ల మీదే వ్యాపారం నడిచింది. మా ఊరు వేగంగా పెరుగుతోంది, పెద్ద కంపెనీలు వస్తున్నాయి. వాటిలో ఒకటి మూడేళ్ళ సరఫరాకు 40 పేజీల అగ్రిమెంటు పంపి, 10 రోజుల్లో సంతకం చేసి ఇవ్వమంది. "ఇది మా స్టాండర్డ్ అగ్రిమెంటే, అందరూ చేసేదే" అంటున్నారు. నాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి, మా కుటుంబ ఆస్తి కేసు గెలిపించిన లాయరుగారు. రెండు, పెద్ద నగరంలో పేరున్న లా ఫర్మ్. మూడు, తక్కువ ఫీజుకు ఆన్‌లైన్‌లో అగ్రిమెంటు చెక్ చేసి ఇచ్చే సర్వీసు. ఎవరిని పెట్టుకోవాలి? అసలు లాయరు అవసరమా?

సమాధానం: ముందు మీ చివరి ప్రశ్న. "స్టాండర్డ్ అగ్రిమెంటు" అన్న మాట అబద్ధం కాదు, కాకపోతే అది వాళ్ళ స్టాండర్డ్. వాళ్ళ లాయర్లు వాళ్ళ కోసం రాసి, సరఫరాదారులందరికీ పంపే కాగితం. అందులో ఎక్కువ షరతులతో మీకు ఏ పేచీ ఉండకపోవచ్చు. పేచీ వచ్చేవి నాలుగో అయిదో ఉంటాయి. అవి ఏ పేజీలో దాక్కున్నాయో, వాటిలో ఏది అడిగితే మారుతుందో, ఏది అడిగి లాభం లేదో చెప్పే మనిషి కావాలి. మూడేళ్ళ ఒప్పందం కాబట్టి, అవును, లాయరు అవసరమే.

ఆస్తి కేసు గెలిపించిన లాయరుగారి మీద మీకు గురి ఉండటం సహజం. కాని కోర్టులో జరిగిపోయినదాన్ని రుజువు చేయడం వేరు, ఇంకా జరగని గొడవను ఊహించి ముందే కాగితం మీద తేల్చి పెట్టడం వేరు. అలాగని కోర్టు లాయర్లను కొట్టిపారేయనక్కర్లేదు. ఏ వాక్యాన్ని పట్టుకుని ఎదుటివాళ్ళు వాదన లేవదీస్తారో వాళ్ళకు బాగా తెలుసు. మొహమాటపడకుండా ఆయన్నే అడగండి: "గత ఏడాదిలో ఇలాంటి సరఫరా ఒప్పందాలు ఎన్ని చూశారు? కొనేవాళ్ళ తరఫునా, అమ్మేవాళ్ళ తరఫునా?" ఒకటో రెండో, అవీ చాలాకాలం కిందట అంటే ఈ పని ఆయనది కాదు. "నేను చేయను, ఫలానావారిని కలవండి" అని ఆయనే అంటే ఆ పేరును శ్రద్ధగా రాసుకోండి. లాయర్ల పని లాయర్లకే బాగా తెలుస్తుంది.

పేర్ల కోసం ఇంటర్నెట్‌లో కనిపించే "టాప్ టెన్" జాబితాల మీద ఆధారపడకండి. ఎవరు, ఏ లెక్కన ఇచ్చారో తెలియని ర్యాంకులవి. మీ ఆడిటర్, బ్యాంకులో రుణాలు చూసే అధికారి, అన్నిటికంటే ముఖ్యంగా అలాంటి పెద్ద కంపెనీకే సరుకు ఇస్తున్న మరో చిన్న యూనిట్ యజమాని, వీళ్ళను అడగండి. "మంచి లాయరేనా?" అంటే అందరూ "ఆ, మంచివారే" అంటారు. అలా కాకుండా కాగితం ఎన్ని రోజుల్లో తిరిగొచ్చింది, మొదట చెప్పిన ఫీజుకూ చివరి బిల్లుకూ ఎంత తేడా వచ్చింది, తర్వాత గొడవ వస్తే ఆ కాగితం పనికొచ్చిందా అని అడగండి. పేరు తేలాక, అక్కడి న్యాయవాదుల నమోదు సంస్థ దగ్గర ఆ లైసెన్సు ప్రస్తుతం చెల్లుబాటులో ఉందో లేదో, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఎవరిని కలిసేముందైనా ఒక్క పేజీ రాసుకోండి. ఇది మీరే రాయాలి, ఏ లాయరూ రాయలేరు. ఏం సరఫరా చేస్తారు, నెలకు ఎంత, మీ మొత్తం అమ్మకాల్లో ఈ కంపెనీది ఎంత శాతం కాబోతోంది, ముడిసరుకు ధర ఎంత తరచుగా మారుతుంది, సరుకు రిజెక్ట్ అయితే ఇప్పుడు ఏం చేస్తున్నారు, డైలూ అచ్చులూ ఎవరి సొత్తు, మీకున్న బీమా పాలసీలేమిటి, ఎన్ని రోజులు డబ్బు రాకపోతే జీతాలకు కటకటవుతుంది. చివర రెండు వరుసలు: ఏ షరతు మారకపోతే ఈ ఆర్డరే వద్దనుకుంటారు, ఏది పోయినా ఫర్వాలేదు. ఈ పేజీ లేకుండా వెళితే మీ వ్యాపారం ఏమిటో చెప్పడానికే మొదటి గంట అయిపోతుంది. ఆ గంటకు ఫీజు కట్టేది మీరే.

ఫోను చేసినప్పుడు మొట్టమొదట చెప్పాల్సింది ఎదుటి కంపెనీ పేరు, దాని అనుబంధ కంపెనీల పేర్లు. మీ గోడంతా తర్వాత. పెరుగుతున్న ఊళ్ళో ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. వ్యాపార ఒప్పందాలు తెలిసిన లాయర్లు అక్కడ కొద్దిమందే ఉంటారు. కొత్తగా వచ్చిన పెద్ద కంపెనీ స్థలానికో, లీజుకో, కార్మికుల వ్యవహారాలకో వాళ్ళలో ఒకరిని ఇప్పటికే పెట్టుకుని ఉండవచ్చు. "ఆ కంపెనీ తరఫున మేము ఏ పనీ చేయడం లేదు" అని రాతలో జవాబు వచ్చేదాకా అగ్రిమెంటూ మీ పేజీ రెండూ పంపకండి. "రెండు వైపులా నేనే చూస్తాను, తొందరగా తేలిపోతుంది" అనేవాళ్ళకు ఒక నమస్కారం పెట్టి వచ్చేయండి.

మిగిలినవాళ్ళలో ఇద్దరిని ఎంచుకుని, ఒక్కొక్కరితో అరగంటో గంటో డబ్బిచ్చి మాట్లాడండి. ఇద్దరికీ అవే నాలుగు షరతుల పేజీలు ఇవ్వండి: చెల్లింపు, నష్టపరిహారం, ఆలస్యపు కోత, రద్దు. తర్వాత వాళ్ళు ఏం చెబుతారన్నదానికంటే మిమ్మల్ని ఏం అడుగుతారన్నది గమనించండి. లాయర్ని ఎంచుకోవడానికి ఇంతకంటే నమ్మకమైన పరీక్ష లేదని నా అభిప్రాయం.

చెల్లింపు సంగతే చూడండి. "ఇన్‌వాయిస్ ఆమోదించిన తేదీ నుంచి 60 రోజుల్లో చెల్లిస్తాం" అని ఉందనుకుందాం. మామూలు కంటికి కనిపించేది 60. అనుభవం ఉన్న కంటికి కనిపించేది "ఆమోదించిన" అన్న మాట. ఆమోదించడానికి గడువే లేదు మరి. మూడు నెలలు బల్లమీద పెట్టుకుని తర్వాత ఆమోదిస్తే, ఆ రోజునుంచి 60 లెక్క. "సరుకు దిగాక తనిఖీకి ఎన్ని రోజులు పడుతుంది?" అని లాయరు అడగాలి. అడిగి, "సరుకు అందిన 7 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే" అన్న వాక్యం చేర్చమనాలి. ఆ పక్కనే, మీ మీద వాళ్ళు చెప్పుకునే ఏ బాకీనైనా మీ బిల్లులోంచి కోసుకోవచ్చన్న షరతు కూడా సాధారణంగా ఉంటుంది. మీరు ఒప్పుకున్న బాకీనా, వాళ్ళు అనుకున్న బాకీనా అన్నది అక్కడ తేలాలి.

నష్టపరిహారం ఇంకా లోతైనది. మీ చిన్న విడిభాగం ఒకటి పాడై వాళ్ళ ఉత్పత్తి లైను ఒక రోజు ఆగితే, ఆ రోజు పోయిన లాభమంతా మీరే కట్టాలా? "మీ వల్ల కలిగిన ఏ నష్టమైనా, ప్రత్యక్షమైనా పరోక్షమైనా" అని ఉంటే, అవుననే వాదిస్తారు. దీనికి విరుగుడు బాధ్యతకు ఒక పరిమితి. గడిచిన 12 నెలల్లో వాళ్ళు మీకు చెల్లించిన మొత్తాన్ని పరిమితిగా పెట్టడం తరచుగా కనిపించే పద్ధతి. ఆ పరిమితి వర్తించని మినహాయింపులూ వెంటనే కింద ఉంటాయి. కళ్ళు పెట్టి చూడాల్సింది వాటినే. ఇండెమ్నిటీని, అంటే వాళ్ళకు కలిగే నష్టాన్ని మీరు భరిస్తామని రాసిచ్చే హామీని, మొత్తంగా మినహాయింపుల్లో పడేస్తే పైన రాసిన పరిమితి పేరుకే మిగులుతుంది.

ఇక్కడే బీమా ముడి ఒకటుంది, చాలామంది లాయర్లు దీన్ని వదిలేస్తారు. సరుకు లోపాల మీద తీసుకునే బీమా పాలసీలు, చట్టం ప్రకారం మీ మీద పడే బాధ్యతకే మామూలుగా వర్తిస్తాయి. ఒప్పందంలో మీ అంతట మీరు అదనంగా నెత్తికెత్తుకున్న బాధ్యతను మినహాయించడం పరిపాటి. అంటే ఇండెమ్నిటీ మీద సంతకం పెట్టి "బీమా ఉందిలే" అనుకుంటే, ఆ రెండింటి మధ్య ఖాళీలో పడేది మీ సొంత డబ్బు. "పాలసీ కాగితం ఒకసారి చూపించండి" అని అడిగిన లాయరుకు నేనైతే అక్కడే సగం మార్కులు వేస్తాను.

ఆలస్యానికి కోత ఎంత అన్నదాంట్లో లెక్క ఉంది. "వారానికి 1 శాతం" అని రాసి పైపరిమితి లేకపోతే, మీ లాభం 10 శాతం అయినప్పుడు పదో వారానికి లాభం తుడిచిపెట్టుకుపోతుంది, ఆ తర్వాత ఎదురు పెట్టుబడి. వారానికి 0.5 శాతం, మొత్తం 5 శాతం దాటకుండా అన్న రూపం వాడుకలో ఉన్నదే, అడగడానికి వెనకాడనక్కర్లేదు. శాతం కంటే పెద్ద ప్రశ్న, దేని మీద శాతం అన్నది. 1,000 విడిభాగాల ఆర్డరులో 50 మాత్రమే ఆలస్యమైతే కోత ఆ 50 విలువ మీదా, 1,000 విలువ మీదా? ఒక్క మాటతో తేడా 20 రెట్లు. వాళ్ళు డ్రాయింగు ఆమోదించడంలో చేసిన జాప్యాన్ని మీ గడువుకు కలుపుతారా అన్నది కూడా అక్కడే రాయించాలి.

రద్దు విషయంలో, వాళ్ళకు 30 రోజుల నోటీసుతో ఏ కారణమూ చెప్పకుండా తప్పుకునే హక్కు, మీకు ఆ హక్కే లేకపోవడం సాధారణం. రెండు వైపులా సమానం చేయమని అడగడం కంటే, "వాళ్ళ కోసం కొన్న యంత్రం, తెప్పించిన ముడిసరుకు ఏమవుతాయి?" అని అడిగే లాయరు మేలు. మూడేళ్ళ ఒప్పందం అన్నారు కదా, అందులో కనీస కొనుగోలు హామీ ఉందా, ఉత్త అంచనాలేనా? అంచనా అయితే మూడేళ్ళ బాధ్యత మీది మాత్రమే.

చట్టం ఎక్కడిది అన్న ప్రశ్న చాలామందికి తట్టదు. ఉదాహరణకు "ఈ ఒప్పందం ముగిసిన రెండేళ్ళదాకా మా పోటీదారులకు సరుకు అమ్మకూడదు" అన్న వాక్యం తీసుకోండి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ కింద, ఒప్పందం ముగిశాక వ్యాపారం చేయనివ్వని ఇలాంటి ఆంక్షలు సాధారణంగా చెల్లవు. ఇంగ్లండులో ఆంక్ష సహేతుకమా కాదా అన్నదాన్ని బట్టి చెల్లవచ్చు. అవే మాటలు, చోటు మారితే ఫలితం వేరు. అందుకే అగ్రిమెంటు చివర "ఈ ఒప్పందానికి ఫలానా చోటి చట్టం వర్తిస్తుంది" అన్న వాక్యం ముందు చదివి, ఆ చట్టంలో పనిచేసే లాయర్నే చూసుకోండి. ఊళ్ళో ఉన్నారా లేదా అన్నది ఆ తర్వాతి మాట.

కొనేవాళ్ళు వేరే దేశం వాళ్ళయితే మరో రెండు సంగతులు. రెండు దేశాలూ 1980 నాటి అంతర్జాతీయ సరుకుల అమ్మకాల ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో సభ్యులైతే, వద్దని రాసుకోకపోతే ఆ నియమాలు వాటంతటవే వర్తిస్తాయి. అమెరికా, చైనా, జర్మనీ అందులో ఉన్నాయి. భారత్, బ్రిటన్ లేవు. రెండోది ఆర్బిట్రేషన్, అంటే గొడవను కోర్టు బయట, రెండు వైపులా ఒప్పుకున్న మధ్యవర్తి తీర్పుతో తేల్చుకోవడం. అలాంటి తీర్పులను గుర్తించి అమలు చేయడానికి దేశాలు చేసుకున్న 1958 నాటి న్యూయార్క్ ఒప్పందంలో 170కి పైగా దేశాలున్నాయి కాబట్టి ఆర్బిట్రేషన్ తీర్పును సరిహద్దు దాటించి అమలు చేయించడం, మామూలు కోర్టు తీర్పుకంటే చాలాచోట్ల తేలిక. ఎదుటివాళ్ళు మీ దేశం వాళ్ళే అయినా ఆర్బిట్రేటర్లు ఎంతమంది అన్నది చూడండి. ముగ్గురికి ఫీజులు కట్టాలంటే చిన్న బాకీ కోసం వెళ్ళడమే దండగ అవుతుంది. ఒక్కరే చాలని అడగవచ్చు.

పెద్ద లా ఫర్మ్‌తో చిక్కు తెలివితేటలది కాదు. బోర్డు మీద పేరు ఒకరిది, కాగితం చదివేది ఇంకొకరు. అది తప్పేం కాదు, మొదటి విడత జూనియర్ చదివితే ఖర్చూ తగ్గుతుంది. పైన చెప్పిన నాలుగు షరతులూ సీనియర్ కంటపడతాయా, చదివిన జూనియర్‌తో మీరు నేరుగా మాట్లాడవచ్చా అన్నవి ముందే తేల్చుకోండి. గంటల లెక్కన బిల్లు వేసే సంస్థలు చాలావరకు 6 నిమిషాలను ఒక యూనిట్‌గా లెక్కిస్తాయి. రెండు నిమిషాల ఫోనుకు కూడా ఒక యూనిట్ పడుతుంది. కాబట్టి సందేహాలన్నీ పోగుచేసుకుని ఒకేసారి అడగండి.

మీ పనికి ముందే ఖరారు చేసుకున్న ఫీజే సరైనది. ఫీజులో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టి రాయించండి: ఒకసారి పూర్తిగా చదవడం, రెండు పేజీల నోటు, రెండు విడతల మార్పులు, ఎదుటివాళ్ళ లాయరుతో ఒక కాల్. మూడో విడత వస్తే ఎంత అన్నది కూడా అప్పుడే. బేరం సాగేకొద్దీ విడతలు పెరుగుతాయి, బిల్లు పేలేది అక్కడే. ఒప్పందం కుదిరితేనే ఫీజు, లేదా ఒప్పందం విలువలో ఇంత శాతం అంటే ఒప్పుకోకండి. ఆ లెక్కలో ఉన్నవాళ్ళకు "సంతకం పెట్టకండి" అనడానికి నోరు రాదు. ఈ వివరాలన్నీ, పన్నుల సలహా ఇందులో ఉందో లేదో, మధ్యలో మానుకుంటే మీ కాగితాలు ఎలా తిరిగొస్తాయో కూడా కలిపి, పని అప్పగించే ఉత్తరంలో ఉండాలి. లాయరే ఉత్తరం వద్దంటే ఆలోచించాల్సిందే. ఒప్పందాలు రాసే మనిషి తన ఒప్పందం రాయనంటున్నారు.

ఆన్‌లైన్ సర్వీసు, వ్యాపార రహస్యాలు బయటపెట్టబోమని రాసిచ్చే పత్రం లాంటి చిన్న కాగితాలకు సరిపోవచ్చు. మీ అచ్చులు ఎవరివో, మీ బీమా ఏమిటో అడగనివాళ్ళు ఈ 40 పేజీల మీద ఇచ్చే అభిప్రాయం మాత్రం ఎవరికైనా ఇవ్వగలిగేదే అవుతుంది. కింద సంతకం చేసే లాయరు ఎవరో, మీ ఫైలు ఎక్కడ ఉంటుందో చెప్పలేకపోతే ఆ తక్కువ ఫీజు కూడా ఎక్కువే. ఇప్పుడు చాలామంది ఏఐ వాడుతున్నారు, వాడటం నేరమేమీ కాదు. మీ అగ్రిమెంటును అలాంటి టూల్‌లో పెడతారా, పెడితే వచ్చినదాన్ని ఎవరు సరిచూస్తారు అని ముగ్గురినీ అడగండి. 2023లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు, చాట్‌జీపీటీ కల్పించిన లేని తీర్పులను ఉదహరించినందుకు ఇద్దరు లాయర్లకూ వాళ్ళ సంస్థకూ కలిపి 5,000 డాలర్ల జరిమానా వేసింది.

నన్నడిగితే మీ కుటుంబ లాయరుగారు ఈ పని చేయనంటే, పెద్ద నగరంలో సరఫరా ఒప్పందాలే చూసే మధ్యస్థాయి లాయర్ని వీడియో కాల్ మీద పెట్టుకుని, స్టాంపు, రిజిస్ట్రేషన్ లాంటి స్థానిక వ్యవహారాలేమైనా ఉంటే మీ లాయరుగారికే వదిలేయడం మంచిది. ఒప్పందం చదవడానికి ఒకే ఊళ్ళో ఉండాల్సిన పనిలేదు.

ఇక ఆ 10 రోజులు. అది వాళ్ళు పెట్టుకున్న తేదీ, చట్టం పెట్టింది కాదు. ఈ రోజే "మా లాయరు చదువుతున్నారు, ఫలానా తేదీకి మా సూచనలు పంపుతాం" అని ఒక ఈమెయిల్ పెట్టండి. ఒక వారం అదనంగా అడిగినా కంగారు లేదు. ఈలోపు రెండు పనులు చేయకండి. "చూశాం, ఓకే" అని ఎక్కడా రాయకండి. ఆ అగ్రిమెంటు ప్రకారమంటూ సరుకు పంపడం మొదలుపెట్టకండి. సంతకం లేకపోయినా, మీ నడవడిని బట్టి ఒప్పుకున్నట్టేనని వాదించే వీలుంటుంది.

లాయరు నుంచి మీకు రావలసింది 40 పేజీల నిండా ఎర్ర గీతలు కాదు. నూట ఇరవై మార్పులు పంపితే అవతల కొనుగోలు మేనేజరు ఫైలు పక్కన పడేస్తారు. తప్పనిసరిగా మారాల్సినవి ఐదారు, అడిగి చూడదగ్గవి కొన్ని, వదిలేయవలసినవి మిగతావి, ఈ మూడు కుప్పలుగా రెండు పేజీల నోటు అడగండి. ప్రతి మార్పు పక్కన బదులు వాక్యం రాసి ఉండాలి. "ఇది ప్రమాదకరం" అని మాత్రమే రాస్తే దానితో మీరు చేయగలిగింది ఏమీ లేదు.

ఎదుటివాళ్ళు "ఫైనల్" అంటూ పంపిన కాపీని, మీరు చివరిసారి పంపిన కాపీతో వర్డ్‌లోని కంపేర్ సదుపాయంలో పోల్చి చూడమనండి. గుర్తు పెట్టకుండా చేసిన మార్పులు, పొరపాటునైనా సరే, అక్కడే బయటపడతాయి. అనుబంధాలు ఖాళీగా ఉంటే సంతకం వద్దు. "కంపెనీ వెబ్‌సైట్‌లో ఎప్పటికప్పుడు ఉండే సరఫరాదారుల నియమావళి ఈ ఒప్పందంలో భాగం" అని ఉంటే, ఆ నియమావళి కాపీ తెప్పించి, ఫలానా తేదీనాటిదే వర్తిస్తుందని రాయించండి. లేకపోతే మీరు సంతకం చేసిన కాగితాన్ని వాళ్ళు వెబ్‌సైట్‌లో మార్చుకుంటూ పోవచ్చు. వాళ్ళ తరఫున సంతకం చేసే మనిషికి ఆ అధికారం ఉన్నట్టు పత్రం కూడా తీసుకోండి.

సంతకాలయ్యాక లాయరు చేత ఒక్క కాగితం రాయించుకోండి: ఏ తేదీకి ఏ నోటీసు ఇవ్వాలి, ధర సవరణ ఎప్పుడు అడగాలి, దానంతటదే కొనసాగే షరతు ఉంటే ఆపడానికి ఎన్ని రోజుల ముందు రాయాలి. దాన్ని కూడా ఆ ఖరారు ఫీజులోనే చేర్చమని మొదట్లోనే అడగండి.